ఉల్లంకి పిట్ట, స్నైపర్ తుపాకి: ఒక ఇంగ్లీషు మాట నడిచిన దారి

(గ్రంథాలయ వారోత్సవాలలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం.

ఈ సాయంత్రమంతా ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు మన గ్రంథాలయ కార్యదర్శిగారు నన్ను కాస్త అనుమానంగానే చూశారు. ఆ మాట ‘స్నైప్’ అనగానే, అదేమిటండీ అని అడిగారు. స్నైపర్ తెలుసు కదా అన్నాను. తెలియకేమండీ, రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం, ఎక్కడో దాక్కుని గురిచూసి కాల్చేవాడు అన్నారు. ఆ కాల్చేవాడి పేరులో ఒక పిట్ట దాగి ఉందనీ, ఆ పిట్ట ఏటా చలికాలంలో మన వరిచేలలోనే దిగుతుందనీ, దాన్ని మనవాళ్ళు ఉల్లంకి అంటారనీ చెప్పిన తరువాత మాత్రమే ఆయన ఈ మైకు నా చేతికిచ్చారు. స్నైపర్ అనే మాట వేటగాడి గురి నుంచి పుట్టిందని అందరూ చెబుతారు. అది తప్పు కాదు. కానీ ఆ మాట నడిచిన దారిని నిదానంగా చూస్తే, అందులో వేటగాడికంటే పిట్టే ఎక్కువగా కనిపిస్తుందన్నది నా అభిప్రాయం. ఈ రోజు మీ ముందు పెట్టదలచుకున్నది అదే.

మాట సంగతికి ముందు పిట్ట సంగతి చూద్దాం. చిన్నతనంలో కార్తీకమాసపు పొద్దుల్లో నేను మా నాన్నగారి వెంట పొలానికి వెళ్ళేవాణ్ణి. ఒకనాడు గట్టు మీద నడుస్తుండగా, నా కాలికి నాలుగు అడుగుల దూరంలో అప్పటిదాకా మట్టిపెళ్ళ అనుకున్నది ఒక్కసారిగా బొంగురుగా కూసి గాలిలోకి లేచింది. లేచినది లేచినట్లు తిన్నగా పోలేదు. ఎడమకు ఒరిగి, కుడికి తిరిగి, మళ్ళీ ఎడమకు కొట్టుకుని, నేను నోరు తెరిచేలోగా రెండు మళ్ళు దాటిపోయింది. అది లేచిన చోటికి వెళ్ళి చూస్తే పిట్ట కూర్చున్న గుర్తు లేదు గాని, మెత్తటి బురదలో ఎవరో సన్నని పుల్లతో గుచ్చినట్లు దగ్గర దగ్గరగా పది పన్నెండు బెజ్జాలు కనిపించాయి. ఉల్లంకి ముక్కు గుచ్చిన గుర్తులవి అని నాన్నగారు చెప్పారు. నాకు ఈ మాట మీద మోజు పుట్టింది ఆ బెజ్జాల దగ్గరే.

ఈ పిట్ట ముక్కు నుంచి తోక దాకా కలిపి 25 నుంచి 27 సెంటీమీటర్లు ఉంటే, అందులో సుమారు నాలుగో వంతు ముక్కే ఉంటుంది. బరువు రమారమి 100 గ్రాములు. వీపు మీద గోధుమ, నలుపు రంగుల మధ్య ఎండుగడ్డి పరకల్లాంటి లేత పసుపు చారలుంటాయి కనుక, కోత కోసిన మడిలో కదలకుండా కూర్చుంటే పక్కనే నిలబడ్డ మనిషికి కూడా ఆనదు. కళ్ళు తలకు బాగా వెనుకగా, పక్కలకు అమరి ఉండడం వల్ల ముక్కు మొత్తం బురదలో దించి ఉన్నప్పుడు కూడా వెనుక నుంచి వచ్చేవాణ్ణి అది చూడగలదు. అన్నిటికంటే విచిత్రమైనది ఆ ముక్కు కొన. అక్కడ స్పర్శనాడులు గుత్తులుగా ఉంటాయి. తక్కిన ముక్కంతా మూసుకునే ఉండగా కొనను మాత్రం తెరిచి, బురదలోనే వానపామును పట్టుకుని మింగగలదు. మనవైపు వచ్చేవాటిలో సాధారణ స్నైప్, సూదితోక స్నైప్ అనే రెండు రకాలు ముఖ్యమైనవి. సూదితోకది సైబీరియాలో గుడ్లు పెట్టి, చలికి జడిసి మన చెరువుల అంచులకు, వరిమళ్ళకు వచ్చే వలసపక్షి.

తెలుగులో ఉల్లంకి అన్న పేరుకు చుట్టం తమిళంలో ఉంది. వాళ్ళు ఉళ్ళాన్ అంటారు. పాత పక్షి గ్రంథాల్లో దీనికి తెలుగు పేరుగా ముక్కుపూరేడు అని కూడా నమోదై ఉంది. పూరేడు మనందరికీ తెలిసిన గుండ్రటి చిన్న పిట్ట. దానికి ఇంత పొడుగు ముక్కు తగిలిస్తే ఉల్లంకి అవుతుందని ఆ పేరు పెట్టినవాడి ఉద్దేశం. ఈ ముక్కును గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఇక ఇంగ్లీషు మాట. ప్రాచీన ఇంగ్లీషులో ఈ పిట్టను స్నైప్ అనేవారు కాదు, ‘స్నీతె’ అనేవారు. కాలక్రమంలో అది ‘స్నైట్’ అయింది. 1486లో ఇంగ్లండులో అచ్చయిన ఒక వేట గ్రంథంలో, ఏ పక్షుల గుంపును ఏమని పిలవాలో చెప్పే పట్టికలో కూడా ఆ పాత రూపమే ఉంది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళ నోట ఆ మాట దాదాపు చచ్చిపోయింది గాని, ఒక ఊరి పేరులో బతికే ఉంది. వార్విక్‌షైర్‌లో స్నిటర్‌ఫీల్డ్ అని ఒక పల్లె ఉంది. 1086 నాటి భూముల సర్వేలో దాని పేరు స్నిటెఫెల్డ్ అని రాసి ఉంది. అంటే ఉల్లంకులు తిరిగే మైదానం. మన దగ్గర నెమలి పేరుతోనూ, కొంగ పేరుతోనూ ఊళ్ళు ఉన్నట్లే అదీ. షేక్‌స్పియర్ తాతగారు వ్యవసాయం చేసినది ఆ ఊళ్ళోనే, తండ్రి పుట్టినదీ అక్కడే. ఈ ముక్క కూడా గుర్తుండనివ్వండి.

స్నైట్‌ను తోసేసి స్నైప్ ఎలా వచ్చింది? ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చి, చివరికి అక్కడే పొలాలు చేసుకుని స్థిరపడిన స్కాండినేవియా వాళ్ళ భాష ద్వారా వచ్చింది. వాళ్ళ నార్స్ భాషలో దీన్ని ‘మ్యూరిస్నీపా’ అనేవారు. బురదనేల స్నీపా అని అర్థం. పధ్నాలుగో శతాబ్ది మొదటి భాగం నుంచి ఇంగ్లీషు రాతల్లో స్నైప్ కనిపిస్తుంది. ఇందులో వింతేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళు గుడ్డును ‘ఎయ్’ అనేవారు. నార్స్ వాళ్ళ ‘ఎగ్’ వచ్చి దాన్ని కూడా ఇలాగే మింగేసింది. ఇంట్లో తినే గుడ్డు పేరే మారిపోయినప్పుడు బురదలో తిరిగే పిట్ట పేరు మారడం ఏమంత పెద్ద విషయం?

ఈ మాటకు డచ్చి భాషలో స్నిప్, జర్మనులో ష్నెప్ఫె అనే చుట్టాలున్నారు. డచ్చివాళ్ళకు ఈ పిట్ట ఎంత ఇష్టమంటే, 1981లో వచ్చిన నూరు గిల్డర్ల నోటు మీద దాని బొమ్మ వేశారు. జనం ఆ నోటునే స్నిప్ అని పిలిచేవారు. ఈ మాటలన్నిటికీ మూలం ఏదో చటుక్కున అందుకోవడం, కత్తిరించడం అనే అర్థమున్న ధాతువు అయి ఉంటుందని భాషావేత్తలు భావిస్తారు. అదే నిజమైతే, ఉత్తరసముద్రపు ఒడ్డున ఉన్నవాడు, గోదావరి ఒడ్డున ఉన్నవాడు ఒకరినొకరు ఎరగకుండానే ఆ పిట్టలో ముందుగా చూసినది ముక్కునే. అక్కడ స్నీపా, ఇక్కడ ముక్కుపూరేడు. ఇంగ్లండులో ఇప్పటికీ సన్నని కొన ఉన్న పట్టకారును స్నైప్‌నోస్ ప్లయర్ అంటారు. మన ఎలక్ట్రీషియన్ల సంచిలో ఉండే నోస్ ప్లయర్‌కు దగ్గరి చుట్టమే అది. కొనతో మాత్రమే పట్టుకునే పనిముట్టుకు ఆ పిట్ట పేరు పెట్టినవాడు దాని ముక్కును దగ్గరగా చూసినవాడే అయి ఉండాలి.

అందరూ ముక్కునే చూశారా అంటే, లేదు; కొందరు చెవిని నమ్ముకున్నారు. వసంతంలో జత కోసం మగపిట్ట ఆకాశంలో ఎత్తుకు ఎగిరి, తోక చివరి ఈకలు విప్పి ఏటవాలుగా కిందికి దూకుతుంది. గాలికి ఆ ఈకలు కంపించి మేక అరిచినట్లు, గుర్రం సకిలించినట్లు ఒక శబ్దం వస్తుంది. జర్మనులు అందుకే దీన్ని ఆకాశమేక అన్నారు, ఫిన్లండువాళ్ళూ అదే అన్నారు, ఐస్‌లండువాళ్ళు గుర్రపుకోయిల అన్నారు. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం దీని ప్రజాతికి కపెల్లా అనే లాటిను పేరు వాడారు. చిన్న ఆడమేక అని అర్థం. ఇప్పుడు వాడే గాలినాగో అన్న పేరు మాత్రం లాటినులో కోడిని చెప్పే మాట నుంచి వచ్చింది. మన తెలుగు పేర్లలో మేక ఎక్కడా లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆ సంగీతం గుడ్లు పెట్టే చోట వినిపించేది; మన దగ్గరికి వచ్చేసరికి అది బతుకుతెరువు కోసం వచ్చిన పిట్ట. కచేరీ అంతా అక్కడే ముగించుకుని వస్తుంది.

ఇప్పుడు షేక్‌స్పియర్ దగ్గరికి వద్దాం. ఒథెల్లో నాటకం మొదటి అంకంలో ఇయాగో అనే దుర్మార్గుడు, తాను డబ్బు గుంజుతున్న రోడెరిగో అనే అమాయకుణ్ణి స్నైప్ అని ఈసడించుకుంటాడు. అంటే వట్టి వెర్రిబాగులవాడు అని. ఉల్లంకుల మైదానం నుంచి వచ్చిన కుటుంబంలోని మనిషి ఉల్లంకిని తిట్టుగా వాడడం తమాషాగా ఉంటుంది గాని, నన్ను ఆలోచింపజేసినది అది కాదు. ఇంత జిత్తులమారి పిట్ట, ఇంత వంకరగా ఎగిరే పిట్ట, తెలివితక్కువతనానికి గుర్తు ఎలా అయింది? నా సమాధానం ఇది: ఆ రోజుల్లో దాన్ని తుపాకితో కొట్టేవారు కాదు, ఉచ్చులతో, వలలతో పట్టేవారు. చీకటి పడే వేళకు అలవాటైన బురదకే రావడం, అలవాటైన దారినే నడవడం దాని స్వభావం. వెంట్రుకతో పేనిన ఉచ్చు అక్కడ పెట్టినవాడికి దానంత తేలికైన పిట్ట ఉండదు. ఉచ్చులో సులువుగా పడే వుడ్‌కాక్ అనే మరో ముక్కుపిట్ట కూడా ఆ కాలపు ఇంగ్లీషులో మూర్ఖుడికి మారుపేరే.

పదిహేడో శతాబ్ది చివరి భాగానికి చెకుముకి తుపాకులు మెరుగుపడ్డాయి. ఎగురుతున్న పక్షిని ఎగురుతుండగానే కొట్టే పద్ధతి ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు వచ్చింది. ఒక్క తరంలో లెక్క మారిపోయింది. ఉచ్చు వేసేవాడికి తెలివితక్కువదైన పిట్ట, తుపాకి పట్టినవాడికి అందని పండు అయి కూర్చుంది. పిట్ట మారలేదు, దాన్ని పట్టే సాధనం మారింది. సాధనం మారేసరికి మాటకు ఉన్న పరువు మారింది. నిఘంటువులో ఒకే మాటకింద రెండు వ్యతిరేకార్థాలు పక్కపక్కన కనిపిస్తే, ఆ రెంటి మధ్య ఏ పనిముట్టు వచ్చిందో చూడమని నేను మా విద్యార్థులకు చెబుతూ ఉండేవాణ్ణి.

ఇక్కడి నుంచి కథ మన దేశంలో నడుస్తుంది. 1770ల నాటికి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఇంగ్లీషు సిపాయి దొరలు ‘స్నైపింగుకు వెళ్ళడం’ అనే మాట వాడుతున్నారు. స్నైప్ అన్న నామవాచకం క్రియగా మారినది వాళ్ళ నోటనే. ఇది ఇంగ్లండులో కాక ఇక్కడే ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. 1671 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండులో వేట హక్కు కావాలంటే ఏటా నూరు పౌన్ల ఆదాయం తెచ్చే సొంత భూమి ఉండాలి. 1831 దాకా ఆ వ్యవస్థే నడిచింది. మామూలు కుటుంబంలో పుట్టి, పదహారేళ్ళకే ఓడ ఎక్కిన కుర్ర దొరకు స్వదేశంలో పెద్దమనుషుల కులాసా అయిన వేట, ఇక్కడ దిగిన మొదటి చలికాలంలోనే చేతికందింది. కనుచూపు మేర వరిమళ్ళు, మడిమడికీ పిట్టలు, అడిగే నాథుడు లేడు.

ఆ వేట జరిగే తీరు కూడా కాస్త చెప్పాలి. బురదలో అడ్డంగా బారులు తీరి నడిచి పిట్టలను లేపేది కూలికి వచ్చిన పల్లెవాళ్ళు. దొర గట్టు మీదో, మోకాటి లోతు నీటిలోనో నడుస్తాడు. పిట్ట లేచిన చప్పుడు వినబడిన క్షణంలో తుపాకి భుజానికెక్కాలి. అది వంకరలు తిరిగి దూరమయ్యేలోగా కాల్చాలి. వాడే తుపాకిలో ఒక పెద్ద గుండు ఉండదు, ఆవగింజలకంటే కొంచెం పెద్దవైన సీసపు గుళ్ళు గుప్పెడు ఉంటాయి. గుంపును కాల్చే వేట కాదిది; ఒక పిట్ట, ఒక కాల్పు, మళ్ళీ నడక. లెక్క కూడా జతల్లోనే: పన్నెండున్నర జతలు కొట్టాను అంటే ఇరవై అయిదు పిట్టలని అర్థం. కౌజుల లెక్కకు జత అనడానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, ఉల్లంకుల జతకు వేరే మాట ఉంది. వాటిని తారుమారు చేసినవాణ్ణి క్లబ్బులో చిన్నచూపు చూసేవారు. సీమనుంచి వచ్చిన ఆచారాలూ మన ఆచారాల్లాంటివే మరి.

ఈ ‘ఒక పిట్ట, ఒక కాల్పు’ దగ్గరే మాట మలుపు తిరిగింది. ఆ కాలపు యుద్ధంలో సైనికుడు తన ఇష్టానికి కాల్చడు. వరుసలో భుజం భుజం కలిపి నిలబడి, ఆజ్ఞ వినగానే అందరితోపాటు ఒక్కసారి కాలుస్తాడు. అలాంటి సైన్యానికి, ఏ పొద చాటునో ఒంటరిగా కూర్చుని, ఎవరి ఆజ్ఞా లేకుండా, తనకు వీలు చిక్కినప్పుడల్లా ఒక్కొక్కణ్ణి ఎంచుకుని కాల్చేవాడు యుద్ధం చేస్తున్నట్లు కాక, చేలలో పిట్టలను కొడుతున్నట్లు కనిపించాడు. అందుకే ఆ పనిని కూడా స్నైప్ అనే క్రియతోనే చెప్పారు. 1824 నాటికి ‘స్నైపర్’ అన్న రూపం రాతలోకి వచ్చింది. మొదట్లో అందులో మెచ్చుకోలు లేదు. కాస్త ఏవగింపు, కాస్త చిరాకు ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్ది చివర వాయవ్య సరిహద్దు పోరాటాల్లో ఈ చిరాకు పతాకస్థాయికి చేరింది. 1897లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న మలకంద్, తీరా ప్రాంతాల్లో పఠానులు కొండరాళ్ళ చాటు నుంచి, ముఖ్యంగా రాత్రివేళ, ఇంగ్లీషు సైన్యపు డేరాల మీదికి ఒక్కొక్క తూటా వదులుతూ ఉండేవారు. ఆ పోరాటాల వార్తలు చదివిన ఇంగ్లండు పాఠకులకు స్నైపింగ్ అన్న మాట బాగా అలవాటైంది. అక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచించండి. నూరేళ్ళ కిందట ఈ క్రియకు కర్త దొర, కర్మ పిట్ట. ఇప్పుడు కర్త కొండల్లోని పఠాను. కర్మ స్థానంలో, దీపం ఆర్పుకుని డేరాలో నేలకు అంటుకుపోయి పడుకున్న దొర. తాము పిట్టలకు చేసినది తమకే జరుగుతుంటే, దాన్ని చెప్పడానికి వాళ్ళకు దొరికిన మాట తాము పిట్టల మీద వాడినదే. ఇంత చరిత్ర ఒక్క క్రియాపదంలో దాగి ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మొదటి ప్రపంచయుద్ధం ఈ మాటకు ఉద్యోగం ఇచ్చింది. 1914–15 చలికాలంలో కందకాల యుద్ధం మొదలయ్యేసరికి జర్మనుల దగ్గర దుర్భిణి బిగించిన తుపాకులున్నాయి, ఇంగ్లీషువాళ్ళ దగ్గర చాలినన్ని లేవు. హెస్కెత్ ప్రిచర్డ్ అనే పెద్ద జంతువుల వేటగాడు 1916లో ఫ్రాన్సులో ఇంగ్లీషు సైన్యానికి స్నైపింగ్ బడి పెట్టి శిక్షణ ఇచ్చాడు. స్కాట్లండు కొండల్లో దుప్పులను వెంటాడి పట్టే పనివాళ్ళతో ఏర్పడిన లోవట్ స్కౌట్లు ఈ విద్యలో పేరు తెచ్చుకున్నారు. ఆకులు, పీచులు కట్టుకుని పొదలా కనిపించే ఆ వేషాన్ని ఇప్పటికీ గిల్లీ సూట్ అంటారు. గిల్లీ అంటే వాళ్ళ గేలిక్ భాషలో కుర్రవాడు, వేటకు వచ్చిన దొర వెంట నడిచే పనివాడు. పిట్ట పేరు దొర నైపుణ్యానికి బిరుదైతే, పనివాడి పేరు ఆ బిరుదు తొడుక్కునే చొక్కా అయింది. ఆ యుద్ధం తరువాత స్నైపర్ తిట్టు కాదు, అర్హత.

ఇక నేను మొదట చెప్పిన మాటకు వస్తాను. ఉల్లంకిని కొట్టడం చాలా కష్టం కనుక, దాన్ని కొట్టగలిగిన గొప్ప గురికాడే స్నైపర్ అయ్యాడని ప్రచారంలో ఉన్న వివరణ. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఉల్లంకి వేటగాడు బాహాటంగా, పటాలంలాంటి పరివారంతో, బురదలో చప్పుడు చేస్తూ నడుస్తాడు. ఎగురుతున్న దాన్ని, దగ్గర్నుంచి, క్షణంలో, గుప్పెడు గుళ్ళతో కొడతాడు. ఇప్పుడు మనం స్నైపర్ అనేవాడు ఒంటరిగా, గంటల తరబడి కదలకుండా, నేలలో నేలగా కలిసిపోయి పడుకుని, నిశ్చలంగా ఉన్న మనిషిని, ఎంతో దూరం నుంచి, ఒకే ఒక్క తూటాతో కొడతాడు. ఇద్దరికీ తుపాకి తప్ప పోలిక లేదు. మరి కదలకుండా ఉండేది ఎవరు? ఎండుగడ్డి చారలు కప్పుకుని మట్టిలో కలిసిపోయేది ఎవరు? తల తిప్పకుండానే వెనకనుంచి వచ్చేవాణ్ణి చూసేది ఎవరు? కాలు మీద పడబోయేదాకా ఉనికి తెలియనివ్వకుండా ఉండి, తెలిసిన మరుక్షణం మాయమయ్యేది ఎవరు? మా పొలం గట్టు పక్కన మట్టిపెళ్ళలా కూర్చున్నదే కదా. పేరు వేటగాడి వైపు నుంచి వచ్చి ఉండవచ్చు గాని, ఈ రెండు శతాబ్దాలలో ఆ మాటలో నిండిన గుణాలన్నీ పిట్టవే.

ఇలాంటి వివరణల విషయంలో జాగ్రత్త అవసరమని చెప్పడానికి రెండు ఉదాహరణలు. స్నైపర్‌కు ముందు వాడుకలో ఉన్న ‘షార్ప్‌షూటర్’ అన్న మాట అమెరికాలో షార్ప్స్ అనే ఆయన చేసిన తుపాకి వల్ల వచ్చిందని చెబుతారు. ఆ తుపాకి 1848 నాటిది. మాట అంతకు అర్ధశతాబ్దం ముందే వాడుకలో ఉంది. అలాగే గ్రౌస్ అని స్కాట్లండు కొండల్లో మరో వేటపక్షి ఉంది; ఏటా ఆగస్టు 12న దాని వేట మొదలవుతుంది. అదే ఇంగ్లీషులో గ్రౌస్ అంటే సణగడం, గొణగడం. ఆ పక్షి గొణుగుతుంది కనుక ఆ అర్థం వచ్చిందని చెప్పడం ఎంత తేలికో చూడండి. కానీ సణుగుడు గ్రౌస్ 1880లలో సైనికుల వాడుకగా బయటపడిన క్రియ. బహుశా ఫ్రెంచి మూలం గలది. పక్షి పేరు అంతకు మూడున్నర శతాబ్దాల ముందునుంచీ ఉంది. రెండూ ఒక ఇంటిపేరుగల వేరు వేరు కుటుంబాలు.

స్నైప్ సంతానంలో తక్కినవాటిని త్వరగా చెప్పి ముగిస్తాను. గటర్‌స్నైప్ అంటే మురికికాలవల వెంట తిరిగి బతికే అనాథ పిల్లవాడు. పందొమ్మిదో శతాబ్ది మధ్యలో పుట్టిన మాట. బురదలో ముక్కుతో వెతుక్కునే పిట్టకూ, కాలవలో పుల్లతో వెతుక్కునే పిల్లవాడికీ పోలిక చూసినవాడు దయలేనివాడే గాని గుడ్డివాడు కాదు. అమెరికా వీధిభాషలో తాగి పారేసిన సిగరెట్టు పీక కూడా స్నైపే. వంగి ఏరుకునేది కనుక. 1918లో ఇంగ్లీషు వైమానిక దళంలోకి వచ్చిన ఒక యుద్ధవిమానానికి, 1931లో రూపొందిన ఒక చిన్న తెరచాప పడవకు కూడా ఈ పేరే పెట్టారు. ఇంటర్‌నెట్ వేలంపాటల్లో చివరి సెకన్లదాకా నోరు మెదపకుండా ఉండి, పాట ముగిసే క్షణంలో పై ధర వేసి సరుకు ఎగరేసుకుపోవడాన్ని స్నైపింగ్ అంటున్నారు. ఇది మళ్ళీ పిట్ట స్వభావమే అని మీకు విడిగా చెప్పనక్కరలేదు.

అమెరికాలో పిల్లలు దీన్ని మరోరకంగా ఎరుగుదురు. అక్కడ ఉంటున్న మా మేనకోడలి కొడుకు స్కౌట్ల శిబిరానికి వెళ్ళి వచ్చి, స్నైప్ అనేది లేనే లేదు తాతగారూ, అదంతా అబద్ధం అని ఫోనులో చెప్పాడు. శిబిరానికి కొత్తగా వచ్చిన పిల్లవాడి చేతికి ఒక సంచి ఇచ్చి, చీకట్లో ఒంటరిగా నిలబెట్టి, మేము స్నైపును తరుముకొస్తాం, నువ్వు సంచిలో పట్టుకో అని చెప్పి తక్కినవాళ్ళంతా వెళ్ళి పడుకుంటారు. 1840ల నుంచీ నడుస్తున్న ఆట ఇది. ఫలితంగా అక్కడ చాలామంది స్నైప్ అంటే కల్పన అనే అనుకుంటారు, విల్సన్ స్నైప్ అనే రకం వాళ్ళ చిత్తడి నేలల్లోనే తిరుగుతున్నా సరే. ఉచ్చులో పడే వెర్రిబాగులవాడు అన్న షేక్‌స్పియర్ కాలపు అర్థం కూడా ఈ ఆటలో ఒక మూల మిగిలి ఉందని నాకనిపిస్తుంది. కాకపోతే సంచి పట్టుకున్నవాడే స్నైప్.

చివరగా మన భాషలో. ఎవరి మీదైనా చాటునుంచి విసిరే విమర్శను ఇంగ్లీషులో స్నైపింగ్ అంటారు. మనం సూటిపోటి మాటలు అంటాం. సూటి, పోటు రెండూ ఆయుధాల మాటలే కనుక అక్కడ మనకు అరువు అవసరం లేదు. స్నైపర్‌ను మాత్రం మన పత్రికలు యథాతథంగా తీసుకున్నాయి. తీసుకోవడంలో తప్పు లేదు. అయితే మన వేటవాళ్ళ దగ్గర మాటు అని ఒక మంచి మాట ఉంది: మాటు వేయడం, మాటు కాయడం. జంతువు వచ్చే దారిలో కదలకుండా కనిపెట్టుకుని కూర్చునే చోటుకూ, ఆ పనికీ కూడా అదే మాట. మాటుకాడు అంటే స్నైపర్ పని సరిగ్గా చెప్పినట్లవుతుందని నా ఊహ. వాడుకలోకి వస్తుందన్న భ్రమ నాకు లేదు. ఉల్లంకి వేట ఇప్పుడు మన చట్టం ప్రకారం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మొదలైన కట్టడి క్రమంగా పూర్తి నిషేధంగా మారింది. ఈపాటికి అవి వచ్చి ఉంటాయి. రేపు పొద్దున్న ఊరవతల కాలవ పక్క మళ్ళలోకి ఎవరైనా వెళితే, పిట్ట కోసం వెతక్కండి, కనిపించదు. బురదలో పుల్లతో గుచ్చినట్లున్న బెజ్జాల కోసం చూడండి.

బయట బల్ల మీద మన గ్రంథాలయపు తెలుగు నిఘంటువు పెట్టించాను. ఉల్లంకి ఉన్న పుటలో కాగితం ముక్క ఉంచాను. వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి. నమస్కారం.